అయ్యవారి ఆటలో నా తప్పు

అయ్యవారు పోయాడని శెట్టి ఫోన్ చేసినప్పుడు నేను యార్డులో లారీ మీంచి బండలు దించుతున్నాను. "మేస్త్రీ, తెల్లారుజామున అయ్యవారు పోయినాడప్పా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. "నాకు చెప్పాల్సింది ఏమన్నా చెప్పి పోయినాడా?" అని అడిగాను. శెట్టికి కోపం వచ్చింది. "మనిషి పోయినాడంటే నీ పంచాయితీ నీది. ఇంగా ఆ గీత కాడనే ఉండావా నువ్వు?" అని ఫోన్ పెట్టేశాడు.

అవును, ఆ గీత కాడనే ఉన్నాను. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాను. ఒకడు తప్పు చేస్తే ఆ తప్పును తుడిచెయ్యాలి, లేదంటే కడుపులో పెట్టుకోవాలి. మా అయ్యవారు ఆ రెండూ చెయ్యలేదు. నా తప్పును నలుగురి ముందర రాతి మీద నిలబెట్టి, దానికి ఒక చట్టం రాసిపెట్టాడు. ఎందుకయ్యా ఈ పని చేశావు అని అడిగినప్పుడల్లా "ఆడు మేస్త్రీ, తెలుస్తాది" అనేవాడు. ఇంకో మాట చెప్పకుండానే పోయాడు.

ఆయన దగ్గర చదువుకున్న వాళ్లు మొదటి మాసికం నాడు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ నాలుగు మంచి మాటలు రాయమన్నారు. నేను ఆయన బడిలో చదువుకోలేదు. మూడో తరగతిలో బడి వదిలి ఉలి పట్టినవాణ్ణి. మంచి మాటలు ఆయన శిష్యులు రాస్తారు. నేను జరిగింది రాస్తాను.

ప్రొద్దుటూరు హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవాడు. మా ముగ్గురికీ స్నేహం కుదిరింది శెట్టి బట్టల అంగట్లో. రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది అది. అంగట్లో టీవీ పెట్టి ఉండేది. దాని ముందర రోజూ ఒక కొట్లాట. అప్పట్లో కలిపేటప్పుడు ఎవర్నడిగి కలిపినారని ఒకడు, ఇప్పుడు విడగొట్టేటప్పుడు ఎవర్నడిగి విడగొట్టినారని ఇంకొకడు. అయ్యవారు మాత్రం మూలన కూర్చుని వక్కాకు వేసుకుంటూ వినేవాడు. ఒకరోజు ఆయనే నోరు తెరిచాడు.

"శెట్టీ, రాజ్యాలు ఎట్ల కలిసినాయో ఎట్ల పగిలినాయో ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు చెప్పినా. కలిసిన రోజు పుస్తకంలో ఉంటాది. పగిలిన రోజు ఉంటాది. మధ్యలో ఎవర్నడిగినారనేది ఒక్క పుస్తకంలోనూ ల్యాదు. ఆడి చూస్తేనన్నా తెలుస్తాదేమో."

ఆడి చూడడమేందో మాకు అర్థం కాలేదు. నెల తిరగకముందే సైకిల్ మీద జమ్మలమడుగు రోడ్డులోని నా యార్డుకు వచ్చాడు. చంకలో చుట్టిన పెద్ద కాగితం. విప్పితే మన సీమ పటం. కోటో బురుజో కట్టుకుని నాలుగూళ్లు ఏలుకున్న పాళెగాళ్ల కాలం నాటిది. ఒక్కొక్క పాళెం చుట్టూ ఒక గీత. మొత్తం ముప్పై పాళేలు. దీన్ని నాలుగడుగుల నల్లబండ మీద ఎక్కించి గీతలన్నీ గాడులు కొట్టి ఇవ్వమన్నాడు.

"కాగితం మీద ఆడుకోకూడదా అయ్యవారూ?" అన్నాను.

"కాగితం మీద గీత రబ్బరు పెట్టి తుడిస్తే పోతాది మేస్త్రీ. రాతి మీద గీతైతే పూడ్చాల్సిందే గానీ పోదు."

కార్బన్ కాగితం పెట్టి పటాన్ని బండ మీదికి దించాను. నాలుగు రోజులు కూర్చుని ఒక్క పెచ్చు కూడా లేవకుండా గాడులు కొట్టాను. కడిగి చూపించాను. అయ్యవారు వేలు పెట్టి ఒక్కొక్క పాళేన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి వచ్చాయి.

ఏమైందంటే, పటంలో పెన్న ఏరు పోయే దోవను ఆయన పెన్సిల్‌తో సన్నగా గీశాడు. సరిహద్దులు ఇంకుతో గీశాడు. కార్బన్ పడినాక రాతి మీద రెండు గీతలూ ఒకేలాగ కనిపించాయి. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ ఏటి గీతను కూడా నేను సరిహద్దు అనుకుని కొట్టేశాను. ఏటికీ అసలు సరిహద్దుకూ మధ్యన చింతాకంత ముక్క ఒకటి వేరుపడింది. ఏ రాజూ ఏలని, ఏ చరిత్రలోనూ లేని పాళెం.

నలభై ఏళ్లు బండలు కొట్టాను. నా చేతి కింద తప్పు గీత అదొక్కటే. వేరే బండ కొట్టి ఇస్తానన్నాను. ఆయన తువ్వాలుతో ఆ ముక్క మీద దుమ్ము తుడిచి "ఉండనీలే" అన్నాడు. ఆ "ఉండనీలే" దగ్గరే నా గొడవ మొదలైంది.

ఆట ఇట్లా ఉండేది. నా యార్డులోనే ముగ్గురం బండ చుట్టూ కూర్చుంటాం. ఒక్కొక్కరికి ఒక పాళెం, కొన్ని చింతగింజలు. గింజలే బలగం. పక్క పాళేన్ని కొట్టి అయినా తీసుకోవచ్చు, వియ్యమంది అయినా తీసుకోవచ్చు. తీసుకున్నంత మాత్రాన కలిసినట్టు కాదు. మూడు చుట్లు ఆట తిరిగే దాకా అక్కడ గింజలు ఉంచి నిలుపుకోవాలి. నిలిస్తే అప్పుడు రెండు పాళేల నడుమ గాడిని సున్నంతో పూడ్చాలి. అదీ కలవడమంటే. సీమ అంతా ఒకటి చేసినవాడు గెలిచినట్టు.

గాడి పూడ్చే పని అయ్యవారిదే. వక్కాకులోకి వాడే సున్నపు కాయ జేబులోంచి తీసి, చిటికెన వేలి గోటితో ఇంత సున్నం తీసి, గాడి పొడవునా రాసేవాడు. ఆ గోరు ఎప్పుడూ తెల్లగా ఉండేది. బండను ఏనాడూ దాటిపోయేవాడు కాదు, చుట్టి పోయేవాడు.

మొదట్లో ఆట కుదరలేదు. గండికోట ఎవరికి పడితే వాడే గెలిచేవాడు. రెండు పాళేలు కలిస్తే మూడోది సులువు, మూడు కలిస్తే తక్కినవన్నీ వాటంతటవే వచ్చి పడేవి. "ఇట్ల కాదు, పెద్దోడు పెద్దోడయ్యేకొద్దీ వానికి కడుపు చాలకుండా రావాల" అని అయ్యవారు లెక్క మార్చాడు. కలుపుకున్నవి పెరిగేకొద్దీ నిలుపుకోవడానికి గింజలు ఎక్కువ కావాలి. అప్పుడు ఎవడూ ఏదీ కలుపుకోలేకపోయాడు. ఒక్క ఆట రెండు నెలలు సాగింది. శెట్టి విసుక్కున్నాడు.

"ఇది ఆటనా, భూమి కేసా అయ్యవారూ? మా నాయన వేసిన దావానే ఇంతకంటే బిరీన తేలిపాయ."

సరే అని వియ్యం సులువు చేశాడు. ఆ వారం పాళేలన్నీ ఒక్క మధ్యాహ్నంలో కలిసిపోయాయి. "ఇంగ భజంత్రీలు పిలిపించు" అన్నాడు శెట్టి. అయ్యవారు నవ్వలేదు. నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ఆయన ఎప్పుడూ గెలిచినవాణ్ణి అడిగేవాడు కాదు. ఓడినవాని పక్కన కూర్చుని, ఎక్కడ నీకు లేచిపోవాలనిపించింది అని అడిగేవాడు. "గెలిచినోనికి అన్ని ఆటలూ బాగానే ఉంటాయి మేస్త్రీ. ఓడినోన్ని అడిగితేనే ఆట సంగతి తెలిసేది" అనేవాడు.

కొత్త నియమం రాసిన ప్రతిసారీ కాగితం ముక్క నా చేతికిచ్చి "అద్దాలు మరిచి వచ్చినా, నువ్వు చదువు" అనేవాడు. అద్దాలు ఆయన చొక్కా జేబులో కనపడుతూనే ఉండేవి. నేను చూడనట్టే ఉండి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ణి. శెట్టి ఒక్కసారి కూడా నవ్వలేదు. ఈ నాలుగు ముక్కలు ఈరోజు నా చేత్తో రాస్తున్నానంటే ఆ కాగితం ముక్కల పుణ్యమే. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పే అలవాటు నాకు లేదు.

ఒకరోజు అట్లాగే ఒక కాగితం ఇచ్చాడు. చదివాను. ఏటి ఒడ్డున ఉన్న ముప్పై ఒకటో పాళేన్ని ఎవరూ కొట్టకూడదు. వియ్యమందకూడదు. ఆట మొదలైనప్పుడు బండ చుట్టూ కూర్చున్న వాళ్లందరూ, ఒక్క గింజ మిగలని వాళ్లతో సహా, నోటితో ఒప్పుకుంటేనే అది కలుస్తుంది. అది కలవందే సీమ ఒకటి అయినట్టు కాదు. దాని పేరు మేస్త్రీ పాళెం.

నా చేతనే చదివించాడు. చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి. ఆనాటి నుంచి శెట్టికి పండగే. అంగట్లో కనపడితే "మేస్త్రీ, నీ పాళెంలో వానలు ఎట్లుండాయప్పా?" అనేవాడు. గుమాస్తాలు నవ్వేవాళ్లు. నేను నేరుగా అయ్యవారి ఇంటికే పోయి అడిగాను.

"పెన్సిల్ గీత నీది. కొట్టిన చెయ్యి నాది. ఇద్దరి తప్పుకు నా పేరొక్కటే యాల పెట్టినావు?"

"తప్పని ఎవరన్నారు? ఆడు మేస్త్రీ, తెలుస్తాది."

ఆడాను. ఆ ఏడాది గండికోట నాకు పడింది. నలభై ఏళ్లు రాయి కొట్టిన చెయ్యి, ఒక్కొక్క పాళేన్నే కొట్టుకుంటూ వచ్చాను. అయ్యవారికి ఒక్క గింజ లేదు. శెట్టికి పెద్దముడియం ఒక్కటే మిగిలితే అదీ ఊడబెరికాను. ముప్పై పాళేలూ నావి. మిగిలింది నా పేరు పెట్టిన ఆ చింతాకు ముక్క.

శెట్టి ఆకు నములుతూ "నేను ఒప్పుకోను" అన్నాడు.

"నీకు గింజ ల్యాదు, గడ్డ ల్యాదు. నువ్వు ఒప్పుకునేదేంది?"

"ల్యాకపోతే ల్యాదప్పా. నోరుండాది కదా. అడుగు. బాగా అడిగితే ఒప్పుకుంటానేమో."

అయ్యవారి వైపు చూశాను. "అడుగు మేస్త్రీ" అన్నాడు మెల్లగా. "ఇంతసేపు కొట్టినావు. ఇప్పుడు అడుగు."

నేను ఎవర్నీ ఏదీ అడిగినవాణ్ణి కాదు. గింజలన్నీ చేత్తో ఊడ్చేసి లేచిపోయాను. ఏడాది పాటు ఆ ఇద్దరి ముఖం చూడలేదు. ఏడాది తర్వాత అయ్యవారే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, యార్డులో బండ మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, దోసెడు నీళ్లు చల్లి కూర్చున్నాడు.  నేనూ కూర్చున్నాను. మళ్లీ ఆడాం. ఏళ్ల తరబడి ఆడాం. ఒకసారి శెట్టి అడిగి గెలిచాడు, ఇంకోసారి అయ్యవారు అడిగి గెలిచాడు. నేను మాత్రం అక్కడి దాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి.

ఆఖరి ఆట కూడా అంతే. నిరుడు వానల్లో మొదలుపెట్టాం. ముప్పై పాళేల నడుమ గాడులన్నిట్లో సున్నం నిండింది. అంతా నాదే. ఇద్దరూ నా నోటి వైపే చూస్తూ కూర్చున్నారు. "రేపు చూద్దాం" అని లేచాను. మరుసటి రోజు అయ్యవారికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి పోయాడు. మళ్లీ యార్డుకు రాలేదు. బండ మీద గోనెపట్టా కప్పి అట్లే ఉంచాను.

ఇప్పుడు అసలు కోపం సంగతికి వస్తాను.

అయ్యవారి కూతురు పులివెందులలో ఉంటుంది, అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. కంప్యూటర్లో ఇట్లాంటి రాజ్యాల ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి బెంగళూరులో ఉంటే, తండ్రి బతికి ఉండగానే ఆయన నోటుబుక్కులు వాళ్లకు ఇచ్చింది. ఆయనకు సంతోషమే అయింది. ఆట నలుగురికీ పోవాలి కదా అన్నాడు. కర్మ అయిన వారానికి ఆ పాప ఫోన్ చేసింది. "మామా, నాయన ఆట తయారయినాది. నువ్వూ శెట్టి మామా వచ్చి ఒకసారి చూసిపోండి" అంది. ఇద్దరం బస్సెక్కి పోయాం.

కంప్యూటర్లో మన సీమ ఎంత బాగుందో చెప్పలేను. గండికోట కింద ఏరు పారుతోంది. గుర్రాలు పరిగెత్తుతున్నాయి. నాకు గండికోట, శెట్టికి మైదుకూరు ఇచ్చి ఆడమంది. ఆడాను. సగానికి కొంచెం ఎక్కువ పాళేలు నావయ్యేసరికి తెర మీద ఒక బటన్ వెలిగింది. ఏకీకరణ అని రాసి ఉంది. నొక్కాను. గీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. తక్కిన పాళేలు, శెట్టి పాళేలతో సహా, నా రంగులోకి వచ్చేశాయి. బూరలు ఊదారు. పాప ఇచ్చిన టీ ఇంకా చల్లారలేదు.

పక్కకు చూస్తే శెట్టి లేడు. వాకిట్లో నిలబడి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"యాడికి పోతాండావు?"

"ఇంగ నాకేం పని ఈడ? నువ్వు సగం దాటినప్పుడే తెలిసిపాయ నన్నడిగేటోడు ల్యాడని. బస్సుకు టైమయితాంది."

నేను పెట్టె ముందరికి తిరిగొచ్చి కూర్చున్నాను. అన్నేళ్లు ఆడాం. చేతిలో ఒక్క గింజ లేకపోయినా, నడుము పట్టేసినా, అంగడి నుంచి మనిషి వచ్చి పిలిచినా, శెట్టి ఏనాడూ ఆట నడుమ లేచిపోలేదు. ఎందుకు లేవలేదు? చివర్న తన నోటి మాట ఒకటి కావాలి కాబట్టి. ఆ చింతాకు ముక్క దగ్గర ఓడినవానికీ విలువ ఉంది కాబట్టి. లెక్కలు ఎన్ని మార్చినా కుదరని ఆటను నిలబెట్టింది నా తప్పు గీత. దాన్ని ఆయన ఎగతాళికి ఉంచలేదు. ఆట బరువంతా దాని మీదే పెట్టాడు. అందుకే నా పేరు పెట్టాడు. తొమ్మిదేళ్ల జవాబు పరాయి ఇంట్లో, పరాయి పెట్టె ముందర దొరికింది నాకు. అయ్యవారు లేడు.

పటంలో వెతికాను. నా పాళెం లేదు. ఏరు ఉంది, సరిహద్దు ఉంది, నడుమ ఆ ముక్క లేదు. పాప చేత అప్పుడే కంపెనీకి ఫోన్ చేయించాను. ఒక అమ్మాయి మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది.

"తాతగారూ, మ్యాప్‌లో చిన్న ఎర్రర్ ఉందండి. అలాంటి పాళెం చరిత్రలో ఎక్కడా లేదు. అందుకే సరిచేశాం."

"ఎర్రరంటే ఏంది?"

"తప్పండి."

"అది నా తప్పు. నన్నడక్కుండా తీసేసేకి నువ్వెవరు పాపా?"

 ఆ అమ్మాయి నిదానంగా చెప్పింది. "మా టీమ్ చాలా రోజులు ఆడి చూసిందండి. దాదాపు గెలిచేసినవాళ్లు ఇంకొకరి పర్మిషన్ కోసం ఆగాలంటే ఫ్రస్ట్రేషన్ వస్తోందండి. విసుగు, కోపం."

"రావాల. నాకు తొమ్మిదేండ్లు వచ్చినాది. అది రాకుంటే అది ఆటనే కాదు. మీ టీమ్‌లో ఓడిపోయినోన్ని అడిగినారా? యాడ లేచి పోవాలనిపించిందని?"

"టీమ్‌తో మాట్లాడి చెప్తానండి" అంది. ఇంతవరకూ చెప్పలేదు. రెండుసార్లు మళ్లీ చేయించాను. మీటింగులో ఉన్నారన్నారు.

ఆ అమ్మాయి మీద కంటే నాకు నా మీదే కోపం. అయ్యవారి ఆట అంతా ఒక్క మాట కోసం. ఆ మాట నా నోట వినాలనే ఆయన అన్నేళ్లు సైకిల్ తొక్కాడు. నేను "రేపు చూద్దాం" అన్నాను.

మొన్న శెట్టిని యార్డుకు రమ్మన్నాను. ఆటోలో వచ్చాడు. గోనెపట్టా తీశాను. ఆట వదిలిపెట్టినట్టే ఉంది. పూడ్చిన గాడులన్నీ తెల్లగా ఉన్నాయి, సున్నం అక్కడక్కడా నెర్రెలు ఇచ్చింది. నా పాళెం చుట్టూ గాడి మాత్రం నల్లగా ఉంది. అయ్యవారు కూర్చునే ముక్కాలిపీట ముందర ఆయన సున్నపు కాయ ఉంది. ఆరోజు మరిచిపోయి వెళ్లాడు.

"శెట్టీ, నా పాళెం కలుపుకుంటా. ఒప్పుకుంటావా?" అన్నాను.

"ఏందీ? మల్లా ఒకసారి చెప్పప్పా."

"అడుగుతాండా శెట్టీ. ఒప్పుకుంటావా?"

ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "నేను ఒప్పుకుంటాండా మేస్త్రీ" అన్నాడు. సున్నపు కాయ అందుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. ముక్కాలిపీట వైపు చూశాడు. "మొదట కూచున్నోళ్లంతా ఒప్పుకోవాలని రాసినాడు కదా. ఆయన గుడక కూచున్నాడప్పా ఈ ఆటలో."

నియమం నియమమే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ గాడి ఇక పూడదు. అడగాల్సినప్పుడు అడగని పాపం నాది. దాన్ని నేను మోస్తాను. కానీ ఆ బటన్ పాపం మాత్రం నేను మొయ్యను.

ఈ పుస్తకం ఒకటి బెంగళూరుకు పంపుతానని అయ్యవారి కూతురు చెప్పింది. కాబట్టి ఇది ఆ కంపెనీ వాళ్లకు. ఏటి ఒడ్డున నా పాళేన్ని మళ్లీ పెట్టండి. పేరు మీకు నచ్చకపోతే నా పేరు తీసేయండి. గీత మాత్రం తీయొద్దు. ఆ బటన్ ఎత్తేసి, ఓడినవాణ్ణి అడిగే చోటు ఒక్కటి ఉంచండి. పెడతారా, పెట్టరా, ఏదో ఒకటి ఉగాది లోపల నాకు చెప్పండి. ఉగాది నాటి పొద్దున నేనూ శెట్టీ యార్డులో బండ కాడ కూర్చుంటాం. ఫోన్ పక్కన పెట్టుకుంటాం. నేను కొట్టడం లేదు, అడుగుతున్నాను. అడిగిన వానికి జవాబు చెప్పాలి.

శెట్టి వెళ్లాక సున్నపు కాయ మూత తీసి చూశాను. సున్నం ఎండిపోయింది. దాంట్లో అయ్యవారు ఆఖరిసారి గీరిన గోటి గుర్తు అట్లే ఉంది. నీళ్లు పోస్తే మెత్తబడుతుంది, గుర్తు పోతుంది. పొయ్యలేదు. మూత పెట్టి, పూడని ఆ గాడి పక్కనే ఉంచాను. ఉగాది దాకా చూస్తాను.